మా అమ్మ ఒప్పుకున్న బీరు

నేను బెంగళూరులో ఒక మైక్రోబ్రూవరీలో ఆరేళ్ళు పనిచేశాను. ఎవరైనా ఆ సంగతి ఎత్తితే మా అమ్మ వెంటనే అడ్డం పడుతుంది. "బీరు చేసే పని కాదులే అబ్బయ్యా, ట్యాంకులు కడిగే పని" అంటుంది. పరువు కోసం చెప్పే మాటే గానీ అందులో అబద్ధం తక్కువ. మొదటి ఏడాదిన్నర నేను చేసింది కడగడమే. ఆ తర్వాత చేతికి వేరే పనులు వచ్చినా రోజులో సగం కడగడానికే పోయేది.

2020లో కావలి తిరిగొచ్చేశాను. ఇప్పుడు చిన్న మినరల్ వాటర్ ప్లాంటు నడుపుకుంటున్నాను. క్యాన్లు దించడానికి వెళ్ళిన చోటల్లా కుర్రాళ్ళు అడిగేది ఒకటే. "అన్నా, ఇంట్లో బీరు ఎట్ట చేస్తారన్నా? మాకూ చెప్పన్నా." ఒక్కొక్కరికీ మొదటి నుంచీ చెప్పలేక ఇది రాస్తున్నాను.

ముందే చెప్పేస్తున్నాను, ఇది అల్లం బీరు చేసే పద్ధతి. అసలు బీరు కాదు. దానికి కారణాలు రెండు. మొదటిది చట్టం. మన రాష్ట్రంలో లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం నేరం. మా ఇంట్లో మేం తాగడానికే కదా అన్నా కుదరదు. రెండో కారణం మా అమ్మ. నిజం చెప్పాలంటే మా ఇంట్లో ఈ రెండోదే పెద్ద చట్టం.

మాది నెల్లూరు జిల్లా కలిగిరి పక్కన పల్లె. దూబగుంట మాకు సైకిల్ మీద పోయేంత దూరం. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా కొట్టు మూయించిన కబురు మా ఊరికి చేరినప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. మా నాయన అప్పట్లో కూలి డబ్బుల్లో సగం సారా ప్యాకెట్లకే పోసేవాడు. అమ్మ రాత్రిబడికి పోయి అప్పుడప్పుడే అక్షరాలు నేర్చుకుంటూ ఉండేది. ఆ బడికొచ్చే ఆడవాళ్ళంతా ఒక మధ్యాహ్నం చీపుర్లు, కారప్పొడి పట్టుకుని మా ఊరి కొట్టు ముందు కూచున్నారు. నేను అమ్మ కొంగు పట్టుకుని నిలబడ్డాను. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో మొత్తం మద్యానికే వచ్చింది, 1997లో దాన్ని సడలించారు. మా ఇంట్లో మాత్రం సడలించలేదు. అలాంటి ఇంట్లో పులియబెట్టే ఈస్ట్ డబ్బా పెట్టుకోవడానికి నాకు ఎంత ధైర్యం కావాలో మీరే ఆలోచించుకోండి.

అసలు బీరంటే ఏమిటో కాస్త చెప్పుకుంటే మనం చేయబోయేది తేలిగ్గా అర్థమవుతుంది. నీళ్ళు, బార్లీ మాల్ట్, హాప్స్, ఈస్ట్. ఇంతే సరుకు. మాల్ట్ అనగానే పెద్ద పదం అనుకోకండి. మనం రాగులు నానబోసి, మొలకెత్తించి, ఎండబెట్టి, వేయించి పిల్లలకి రాగిమాల్ట్ చేస్తాం కదా, బార్లీతో చేసేదీ అదే. మొలక వచ్చేటప్పుడు గింజలో ఎంజైములు పుడతాయి. ఆ మాల్టుని మరపట్టి 65 డిగ్రీల చుట్టుపక్కల వేడి ఉన్న నీళ్ళలో గంటసేపు నానబెడితే పిండి కాస్తా చక్కెర అవుతుంది. ఆ తియ్యటి నీళ్ళని వడకట్టి, హాప్స్ అనే తీగపూలు వేసి గంట మరిగిస్తారు. చేదు వచ్చేది ఆ పూల నుంచే. గబగబా చల్లార్చి ఈస్ట్ వేస్తారు. వారం పది రోజులు పులిశాక సీసాల్లో పట్టేటప్పుడు లీటరుకి ఆరేడు గ్రాముల చక్కెర మళ్ళీ కలుపుతారు. మూత బిగించాక ఆ కాస్త చక్కెరని ఈస్ట్ తిని గ్యాస్ వదులుతుంది. మూత ఉంది కాబట్టి గ్యాస్ బయటికి పోలేక నీళ్ళలోనే కరిగి కూచుంటుంది. ఇంట్లో చేసే బీరు పొంగేది ఇలాగే.

నేను మీతో చేయించబోయేది ఈ చివరి మెట్టు. మాల్ట్ లేదు, హాప్స్ లేదు, వారాల తరబడి పులియబెట్టడం లేదు. అల్లం నీళ్ళలో కొలిచిన చక్కెర, చిటికెడు ఈస్ట్, గట్టి సీసా. అల్లం బీరు నేను కనిపెట్టింది కాదు. ఇంగ్లండులో పద్దెనిమిదో శతాబ్దం నుంచే ఇళ్ళల్లో చేసుకుంటున్నారు. కొలత ఒక్కటే నాది. ఆ కొలత వెనక ఒక పేలుడు ఉంది. అది చెప్పకుండా ముందుకు పోతే మీరూ పేల్చుకుంటారు.

కావలి వచ్చిన రెండో ఎండాకాలం. అందరూ చేసినట్టే నేనూ తియ్యటి అల్లం బీరు చేశాను. లీటరుకి 80 గ్రాముల చక్కెర పోసి, ఈస్ట్ వేసి, పాత గాజు సీసాల్లో పట్టి మూతలు బిగించాను. ఒక్క రోజు బయట ఉంచి ఫ్రిజ్‌లో పెట్టేస్తే చాలు, చల్లదనానికి ఈస్ట్ పడుకుంటుంది. పద్ధతి అదే. కానీ మర్నాడు ప్లాంటులో నీళ్ళు వడకట్టే మెంబ్రేన్ కోసం నెల్లూరు పోయి, రాత్రి ఆలస్యంగా వచ్చి, సీసాల మాట మరిచిపోయి పడుకున్నాను. రోహిణీ కార్తె. వంటింట్లో అర్ధరాత్రి కూడా సెగ. రెండు గంటలప్పుడు ఒకటి ఢామ్మంది. దాని దెబ్బకి పక్కది. గాజు పెంకు ఒకటి బియ్యం డబ్బా రేకులో దిగబడింది. అక్కడ మనిషి నిలబడి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ వెన్ను జలదరిస్తుంది.

అమ్మ లైటు వేసి గుమ్మంలో నిలబడింది. నేల మీద నురగ, ఇల్లంతా పులిసిన వాసన.

"ఏందిరా ఇది? సారా కాస్తన్నావా నా ఇంట్లో?"

"సారా కాదమా, అల్లం సోడా."

"సోడా అయితే యాడన్నా ఇట్ట పేలద్దా?"

తెల్లారిందాకా గాజు ఏరాను. ఆమె మాట్లాడలేదు. మధ్యాహ్నం అన్నం పెడుతూ అడిగింది, అందులో ఏమేం పోశావని. చెప్పాను. కాసేపు ఆలోచించింది. "తీపి లోపల పోస్తేనేగా పేలేది? సోడా బండోడు ముందు గ్లాసులో షర్బత్ పోసి, దాని మీద సోడా కొడతాడు. నువ్వూ అట్ట చెయ్యకూడదా?"

నేను ముద్ద చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాను. బ్రూవరీలో ఆరేళ్ళు పనిచేసినవాడికి తట్టని సంగతి అది.

లెక్క ఏమిటంటే, ఈస్ట్ తిన్న చక్కెరలో సుమారు సగం బరువు గ్యాస్ అవుతుంది, సగం ఆల్కహాలు అవుతుంది. లీటరుకి 100 గ్రాముల చక్కెర ఉందనుకోండి, దాన్ని మొత్తం తిననిస్తే 50 గ్రాముల గ్యాస్ పుడుతుంది. కొట్లో కొన్న సోడాలో ఉండేది లీటరుకి ఏడెనిమిది గ్రాములు. అంటే ఆరేడు రెట్లు. సీసా పేలకుండా ఎలా ఉంటుంది? ఆల్కహాలు కూడా ఆరు శాతం దాకా పోతుంది, అది మామూలు బీరుకి తక్కువేం కాదు. అదే లీటరుకి 5 గ్రాములే పోస్తే ఈస్ట్ ఎంత ఆకలి మీద ఉన్నా దానికి అంతకుమించి తినడానికేమీ లేదు. మీరు మరిచిపోయినా, కరెంటు పోయి ఫ్రిజ్ ఆగినా దాని పని అక్కడితో సరి. అల్లంలో, నిమ్మరసంలో ఉండే కాస్త చక్కెరని కలుపుకున్నా ఆల్కహాలు అర శాతానికి లోపే ఉంటుంది. మన ఆహార భద్రతా నిబంధనల్లో అర శాతం దాటితేనే మద్యం పానీయం అంటారు. తీపి గ్లాసులో కలుపుకుంటాం. పేలదు, కిక్కూ ఎక్కదు. అమ్మ రూలు అదే.

అయినా అర శాతం లోపు అంటే అసలు లేదని కాదు. మతపరంగా గానీ, మందులు వాడుతూ గానీ, మానేసి గానీ ఒక్క చుక్క కూడా వద్దనుకునే వాళ్ళకి, గర్భిణులకి ఇచ్చే ముందు సంగతి చెప్పి ఇవ్వండి. చిన్నపిల్లలకి నేను ఇవ్వను.

ఇప్పుడు పనిలోకి దిగుదాం. రెండు లీటర్లకి సరుకు ఇది. రెండుంపావు లీటర్ల నీళ్ళు, 120 గ్రాముల అల్లం, మంచి రసమున్న నిమ్మకాయలు నాలుగు, చక్కెర సరిగ్గా 10 గ్రాములు, మిరియాలు నాలుగైదు, చిటికెడు ఉప్పు, బేకరీ వాళ్ళు వాడే ఇన్‌స్టంట్ డ్రై ఈస్ట్ చిటికెడు. నిమ్మకాయల కోసం మీరు ఎక్కడికీ పోనక్కర్లేదు. గూడూరు, పొదలకూరు మార్కెట్ల నుంచి లారీలకి లారీలు ఎక్కడెక్కడికో పోతుంటే మనం సీసాలో నిమ్మరసం కొనడం సిగ్గుచేటు. చక్కెరని మాత్రం చెంచాతో కొలవద్దు. ఒకరి చెంచా నాలుగు గ్రాములు, ఇంకొకరిది ఏడు. చిన్న డిజిటల్ కాటా ఒకటి కొనండి. ఈ పనిలో కొనాల్సిన వస్తువు అదొక్కటే.

నీళ్ళ దగ్గర కొంచెం ఆగుతాను, నా వ్యాపారం కదా. మునిసిపాలిటీ నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది. అది రుచినీ చెడగొడుతుంది, ఈస్ట్‌నీ ఇబ్బంది పెడుతుంది. ఎటూ మరిగిస్తాం కాబట్టి చాలావరకు పోతుంది. సముద్రం వైపు పల్లెల్లో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, అవి వద్దు. క్యాన్ నీళ్ళు మేలు. నా దగ్గరే కొనమని చెప్పడం లేదు.

సీసాలు. గాజు వద్దు. గోళీ సోడా సీసా చూస్తే ముచ్చటేస్తుంది గానీ అదీ వద్దు. సోడా లేదా కూల్‌డ్రింకు వచ్చిన ప్లాస్టిక్ బాటిళ్ళు తీసుకోండి. 750 మిల్లీలీటర్లవి మూడు సరిపోతాయి. మంచినీళ్ళ బాటిల్ పనికిరాదు, అది పలచన, గ్యాస్ కోసం చేసింది కాదు. తేడా తెలియకపోతే తిరగేసి అడుగు చూడండి. గ్యాస్ కోసం చేసిన దాని అడుగున ఐదు పాదాలు పూరేకుల్లా ఉబ్బి ఉంటాయి. ప్లాస్టిక్‌లో ఇంకో సుఖం కూడా ఉంది. లోపల గ్యాస్ ఎంత పట్టిందో వేలితో నొక్కి తెలుసుకోవచ్చు. గాజు పేలేదాకా ఏమీ చెప్పదు.

ఇక కడగడం. ఇక్కడ మీకు విసుగొస్తుందని తెలుసు. నాకూ వచ్చేది. మా హెడ్ బ్రూవర్ మొదటి రోజే చెప్పాడు, బీరు చేసేది మనం కాదు, ఈస్ట్. మనం దాని ఇల్లు ఊడ్చే వాళ్ళమే అని. శుభ్రం చేయడం ఒకటి, క్రిములు లేకుండా చేయడం ఇంకొకటి. కంటికి కనబడే మురికి పోతే మొదటిది అయింది. దాని తర్వాతే రెండోది. మురికి ఉన్న చోట క్రిముల్ని చంపే మందు పనిచేయదు కాబట్టి ఈ వరస తప్పకూడదు.

బాటిళ్ళని, మూతల్ని గోరువెచ్చటి నీళ్ళతో, కాస్త సబ్బుతో బాగా కడగండి. మరిగే నీళ్ళు పోస్తే ప్లాస్టిక్ ముడుచుకుపోయి ముసలమ్మ చెయ్యి లాగా అవుతుంది, నేను చేసి చూశాను. తర్వాత రెండు లీటర్ల నీళ్ళలో ఒక టీస్పూను వాసన లేని లిక్విడ్ బ్లీచ్ కలిపి, అందులో పది నిమిషాలు నానబెట్టండి. తీసి, మరిగించి చల్లార్చిన నీళ్ళతో రెండుసార్లు తొలవండి. బ్లీచ్‌లో వెనిగర్ గానీ, నిమ్మరసం గానీ, బాత్రూములు కడిగే యాసిడ్ గానీ పొరపాటున కూడా కలవకూడదు. విషవాయువు వస్తుంది. ఇదంతా ఎందుకు అనుకునే బద్ధకస్తులకి ఒక దారి ఉంది. మూడు సోడాలు కొనుక్కుని ఆ పూటే తాగేసి, బాటిల్‌కి నోరు పెట్టకుండా గ్లాసులో పోసుకుని తాగాలి సుమా, మరిగించి చల్లార్చిన నీళ్ళతో ఒకసారి తొలిచి వెంటనే వాడేయండి.

వడకట్టే గుడ్డ, గరిటె, గరాటు స్టీలువైతే మరిగే నీళ్ళలో ఐదు నిమిషాలు వేస్తే చాలు. మా ఇంట్లో ఉదయగిరి కొయ్య గరిటెలు ఉన్నాయి. ఆ పనితనం చూస్తే దండం పెట్టాలనిపిస్తుంది. కానీ కొయ్య సందుల్లో క్రిములు దాక్కుంటాయి. అందుకని అల్లం మరిగేటప్పుడు దానితో తిప్పండి, పొయ్యి కట్టేశాక దాన్ని పక్కన పెట్టేయండి. ఎందుకంటే మరుగుతున్నంతసేపే గిన్నెలో ఏం పడ్డా చస్తుంది. పొయ్యి కట్టిన క్షణం నుంచి మీరు ముట్టుకునే ప్రతిదీ శుభ్రంగా ఉండాలి.

అల్లాన్ని బ్రష్‌తో మట్టి పోయేలా కడిగి, చెక్కు తీయకుండానే రోట్లో కచ్చాపచ్చాగా దంచండి. మిక్సీలో మెత్తగా వేస్తే వడకట్టలేక చస్తారు, అడుగున మడ్డి కూడా ఎక్కువ దిగుతుంది. నీళ్ళలో అల్లం, మిరియాలు, ఉప్పు వేసి మూత పెట్టి సన్నటి సెగ మీద 15 నిమిషాలు మరిగించండి. చక్కెర వేసి కరిగించి దించేయండి. మూత తీయకుండా గిన్నెని చన్నీళ్ళ టబ్బులో పెట్టి నీళ్ళు మారుస్తూ చల్లార్చండి. వీలైనంత త్వరగా చల్లారాలి. గోరువెచ్చగా గంటల తరబడి ఉన్న గిన్నె అంటే గాలిలో ఎగిరే ప్రతి క్రిమికీ పిలిచి పీట వేసినట్టే.

ఎంత చల్లారాలి? పాలకి తోడు వేసేటప్పుడు వేలు ముంచి చూస్తారు కదా, అంతకంటే ఇంకొంచెం చల్లగా. ఇక్కడ వేలు ముంచకండి, గిన్నె బయట చెయ్యి పెట్టి చూడండి. వేడి ఎక్కువైతే ఈస్ట్ చచ్చిపోతుంది. ఈ లోపల చిన్న గిన్నెలో రెండు చెంచాల గోరువెచ్చటి నీళ్ళు, వాటి మీద చిటికెడు ఈస్ట్ చల్లి పది నిమిషాలు వదిలేయండి. చిటికెడు అంటే నిజంగా చిటికెడే. ఎక్కువేస్తే బన్ను నానబెట్టిన నీళ్ళ రుచి వస్తుంది. ఈస్ట్ ప్యాకెట్ పాతదని అనుమానముంటే ముందురోజే పరీక్ష చేయండి. గోరువెచ్చటి నీళ్ళలో కాస్త చక్కెర, కాస్త ఈస్ట్ వేస్తే పావుగంటలో నురగ రావాలి. రాకపోతే ప్యాకెట్ పారేయండి.

చల్లారాక గుడ్డలో వడకట్టి, పిప్పిని గట్టిగా పిండి, నిమ్మరసం కలపండి. రసాన్ని మరిగే నీళ్ళలో పోస్తే ఆ తాజా వాసన ఆవిరైపోతుంది, అందుకే ఇప్పుడు. తర్వాత ఈస్ట్ నీళ్ళు పోసి స్టీలు గరిటెతో బాగా కలిపి, గరాటుతో బాటిళ్ళలోకి పట్టండి. పైన నాలుగు వేళ్ళ ఖాళీ వదలాలి. మూతలు గట్టిగా బిగించండి. ప్రతి బాటిల్ మీదా టేపు అంటించి తేదీ, గంట, చక్కెర ఎంత వేశారో రాయండి. బ్రూవరీలో ట్యాంకు మీద పలక వేలాడుతూ ఉంటుంది. రాయని ట్యాంకుని ఎవరూ ముట్టుకోరు. నాకు ఈ అలవాటు తప్పిపోయింది కాబట్టే ఆ రాత్రి పేలింది. ఇప్పుడు మా ఇంట్లో టేపు మీద రాసే పని అమ్మది. ఎవరికీ ఇవ్వదు. రాత్రిబడిలో నేర్చిన గుండ్రటి అక్షరాలు, ఒక్కోటి రూపాయి బిళ్ళంత.

బాటిళ్ళని ఎండ తగలని మూల, బకెట్‌లో నిలబెట్టి మూత వేసి ఉంచండి. ఏదన్నా కారినా బకెట్‌లోనే ఉంటుంది. మే నెలలో మన కావలి వేడికి ఒక రోజు, మహా అయితే రోజున్నర. డిసెంబరులో రెండు మూడు రోజులు. పొద్దున, మాపున ఒకసారి వేలితో నొక్కి చూడండి. మొదట లొట్ట పడుతుంది. తర్వాత తర్వాత గట్టిపడుతుంది. కొత్త సోడా బాటిల్‌ని నొక్కినట్టు అనిపిస్తే ఫ్రిజ్‌లోకి. అక్కడ కనీసం ఒక రోజు. చల్లబడితేనే గ్యాస్ నీళ్ళలో బాగా కరుగుతుంది, ఈస్ట్ అడుగుకి దిగుతుంది. ఆ మడ్డి తాగితే ప్రమాదమేం లేదు గానీ రుచి ఉండదు. చివరి రెండు వేళ్ళు బాటిల్‌లోనే వదిలేసి పారబోయండి.

ఆ గడువు దాటినా మెత్తగానే ఉందా? మూత సరిగా పట్టలేదు, లేదా ఈస్ట్ చచ్చింది. కాస్త బ్రెడ్డు వాసన మామూలే. పైన బూజు కనబడినా, కుళ్ళు వాసన వచ్చినా రుచి చూడకుండా పారబోయండి. పది గ్రాముల చక్కెర, నాలుగు నిమ్మకాయల నష్టం.

షర్బత్తుకి నేను తాటిబెల్లం వాడతాను. 250 గ్రాముల తాటిబెల్లం, గ్లాసుడు నీళ్ళు, దంచిన అల్లం ఒక చిన్న ముక్క. కరిగి కాస్త చిక్కబడ్డాక పలచటి గుడ్డలో వడకట్టాలి. తాటిబెల్లంలో ఇసుక ఉండటం ఖాయం. ఫ్రిజ్‌లో రెండు వారాలు ఉంటుంది. మీకు నన్నారి షర్బత్ ఇష్టమైతే అదీ బాగుంటుంది. గ్లాసులో రెండు చెంచాల షర్బత్తు, రెండు ఐసు ముక్కలు, ఆపైన అల్లం బీరు వంచిన గ్లాసు గోడ వెంట మెల్లగా. దబదబా పోస్తే బెల్లం తగిలి నురగంతా బల్ల మీదే. మూత తీసేటప్పుడు కూడా సింకు మీద పట్టుకుని సగం తిప్పి, బుస్సుమని ఆగాక మిగతాది తీయండి. తీపి కలపకుండా ఒక గుక్క తాగి చూస్తే కషాయంలా ఉంటుంది. బెదరకండి, అది అలాగే ఉండాలి. కొట్టు సోడా లాగా నాలుక కొరకదు, మెత్తటి పొంగు. ఇంకా ఘాటు కావాలని చక్కెర పెంచకండి. అల్లం పెంచండి.

మా మేనల్లుడు డాలస్‌లో ఉంటాడు. వాడికి నా జాగ్రత్తలేవీ అక్కర్లేదు. అమెరికాలో 1978లో జిమ్మీ కార్టర్ సంతకం పెట్టిన చట్టంతో ఇంట్లో బీరు చేసుకోవడానికి పన్ను లేకుండా అనుమతి వచ్చింది. ఒక్కడే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇంట్లో పెద్దవాళ్ళు ఇద్దరుంటే 200. అమ్మకూడదు, అంతే. అలాంటి చోట ఉన్నవాళ్ళు ఈ అల్లం బీరు మూడు నాలుగుసార్లు చేసి చెయ్యి కుదిరాక అసలు దానికి పోవచ్చు. మొదటిసారే బార్లీ మర పట్టుకుని కూచోకుండా మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్‌తో మొదలుపెట్టమని మావాడికి చెప్పాను. తేనెలాగా చిక్కగా ఉంటుంది, నీళ్ళలో కలిపి హాప్స్ వేసి మరిగించడమే. బీరు రకాల్లో ఏల్ అయితే మేలు, 18 నుంచి 22 డిగ్రీల మధ్య పులుస్తుంది. లాగర్ అనే ఇంకో రకానికి ఇంకా చల్లగా ఉండాలి, అది తర్వాతి సంగతి. మన ఎండలో 35 డిగ్రీల గదిలో ఏల్ ఈస్ట్ వేస్తే పులియడం ఆగదు గానీ తల పగిలే ఘాటు రుచులు వస్తాయి. చట్టం సంగతి పక్కనపెట్టినా, మన ఊళ్ళో అదొక్కటే పెద్ద తలనొప్పి.

వాడు హైడ్రోమీటర్ లేకుండా ఒక బ్యాచ్ చేసి నాకు ఫోన్ చేశాడు, "మామా, బుడగలు ఆగిపోయాయి, సీసాల్లో పట్టేయనా?" అని. బుడగలని నమ్మొద్దని చెప్పాను. హైడ్రోమీటర్ అంటే ద్రవంలో తేలే గాజు గొట్టం. చక్కెర ఎక్కువుంటే పైకి తేలుతుంది, తినేసిన కొద్దీ కిందికి దిగుతుంది. దాని మీద అంకె మొదట 1.050 ఉండి చివరికి 1.010 దగ్గర ఆగితే ఆల్కహాలు ఐదు శాతం పైచిలుకు అన్నమాట. రెండు మూడు రోజుల తేడాతో రెండుసార్లు చూసినా అంకె కదలకపోతేనే సీసాల్లో పట్టాలి. తినాల్సిన చక్కెర ఇంకా మిగిలి ఉండగా మూత బిగిస్తే డాలస్ అయినా కావలి అయినా జరిగేది ఒకటే.

ఒక్కటి మాత్రం ఎక్కడున్నా చెబుతాను. పులిసిన దాన్ని బట్టీ పెట్టి కాచే జోలికి పోవద్దు. మన దగ్గర చట్టం ఒప్పుకోదు. మా అమ్మ అసలే ఒప్పుకోదు.

ఈ రెండేళ్ళలో అల్లం బీరు మా వీధిలో అలవాటైపోయింది. పొదుపు సంఘం ఆడవాళ్ళు మా వరండాలో కూచున్న రోజు మూడు బాటిళ్ళు చాలవు. వాళ్ళలో ఒకావిడ "ఏందక్కా, నీ కొడుకు బీరు చేస్తాడంట" అని నవ్వితే, అమ్మ గ్లాసు ఆమె చేతిలో పెట్టి, "తాగి చూసి మాట్టాడు" అంది.

నిన్న సాయంత్రం పట్టిన బాటిళ్ళు ఇప్పుడు బకెట్‌లో ఉన్నాయి. టేపు మీద ఆమె రాసింది: "శనివారం. మాపు 6. చక్కెర 10. అబ్బయ్యా, రేపు మాపు మరిచిపోవద్దు."